నిర్లక్ష్యమా, ఏమరుపాటా?

నిన్న ఇక్కడ ఒకరు చట్టంలో వచ్చే 'నెగ్లిజెన్స్'కు తెలుగు మాట అడిగితే అందరూ నిర్లక్ష్యం అనే రాశారు, పేపర్లలోనూ అదే వస్తుంది. నాకు మాత్రం ఆ మాట ఒప్పడం లేదు.

పోయిన నెల తిరుపతిలో ఒక బట్టల షాపులో మా అత్త మెట్ల మీద జారిపడింది, మణికట్టు విరిగింది. అప్పుడే తడిగుడ్డ పెట్టినారు, బోర్డు లేదు, అడ్డంగా ఒక స్టూలైనా వేయలేదు. అడిగితే ఓనరు "మాది నిర్లక్ష్యం ఎట్లవుతుంది సార్, రోజుకు మూడుసార్లు తుడిపిస్తాం" అన్నాడు. ఆయన అబద్ధమేమీ చెప్పలేదు. తుడిచిన పిల్లోడు మాత్రం బకెట్ చేత్తో పట్టుకునే "ఏమారినాన్నా, బోర్డు పెట్టేది మర్చిపోయినా" అన్నాడు. చట్టానికి కావాల్సింది ఆ పిల్లోడి మాటే. పనివాడు పనిలో ఉండగా చేసిన తప్పుకు ఓనరే జవాబు చెప్పుకోవాలి కూడా.

నిర్లక్ష్యంగా జవాబిచ్చాడు అంటాం చూడండి, అందులో లెక్కలేనితనం ఉంది, పొగరు ఉంది. నష్టపరిహారం కేసులో కోర్టు ఆ పొగరును వెతకదు. ఎదుటివాళ్ల పట్ల జాగ్రత్తగా ఉండాల్సిన బాధ్యత ఉందా, మామూలు మనిషి తీసుకునేపాటి జాగ్రత్త తీసుకున్నాడా, తీసుకోనందుకే దెబ్బ తగిలిందా, నష్టం ఎంత అని చూస్తుంది. అత్త ఫోన్ చూసుకుంటూ దిగి ఉంటే ఆమె తప్పు మేరకు పరిహారం తగ్గుతుంది. 1932లో బ్రిటన్‌లో తీర్పొచ్చిన జింజర్ బీరు (అల్లం డ్రింకు) సీసా కేసు ఒకటుంది, తాగిన సీసాలో నత్త ఉందని ఒకామె తయారుచేసినవాడి మీద వేసింది. తయారుచేసినవాడు నత్తను చూసి కూడా మూత బిగించాడని ఎవరూ అనలేదు. తాగేవాళ్లకు హాని కలగొచ్చని ముందే ఊహించి జాగ్రత్తపడాల్సింది అన్నదే అక్కడి వాదన.

క్రిమినల్ కేసు వేరు. డాక్టర్ల విషయంలో 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు, శిక్ష వేయాలంటే తప్పు చాలా తీవ్రంగా ఉండాలంది. అక్కడైతే నిర్లక్ష్యం అన్న మాట కొంత నప్పుతుంది.

మన పోలీసు కాగితాల్లో 'అతివేగంగా, అజాగ్రత్తగా నడిపి' అని రాస్తారు కదా, ఆ అజాగ్రత్తే నాకు నచ్చింది. జాగ్రత్త అంటేనే మేలుకొని ఉండటం, మన మెలకువ అన్న మాటకూ నిద్రలేవడం, జాగ్రత్త రెండూ అర్థాలే. ఏమరుపాటు ఇంకా బాగుంటుంది కానీ, మా చిత్తూరు వైపు ఏమారినా అంటే మోసపోయినా అని కూడా వస్తుంది, కోర్టులో అది చిక్కే. కాబట్టి రాతలో అజాగ్రత్త, నోటిమాటలో ఏమరుపాటు అని నా ఓటు.