అర్ధరాత్రి లంగరు జారిపోయింది, ఏం చేయాలి?

నేనూ మావారూ 34 అడుగుల తెరచాప పడవలో క్రొయేషియా తీరం వెంట స్ప్లిట్ నుంచి దుబ్రోవ్నిక్ వైపు వెళ్తున్నాం. హ్వార్ దీవి దాటేదాకా హాయిగా సాగింది. మొన్న కోర్చులా దీవి దగ్గర 6 మీటర్ల లోతులో లంగరేసి, 30 మీటర్ల గొలుసు వదిలి పడుకున్నాం. అర్ధరాత్రి కొండల మీంచి బురా దిగింది (అక్కడి ఈశాన్య గాలి, చెప్పాపెట్టకుండా వస్తుంది). పడవ చోటు కదిలితే మోగేలా ఫోన్‌లో పెట్టిన అలారం మోగేసరికి పడవ రాళ్లవైపు జారిపోతోంది. ఆయన ఇంజిన్ స్టార్ట్ చేశారు. నేను లంగరు పైకి లాగితే దాని కొనకి తలగడంత సముద్రగడ్డి! అంటే అది అడుగున దిగనే లేదు.

పొసిడోనియా అనే ఆ గడ్డి మీద లంగరేస్తే గడ్డికీ నష్టమేనట, తర్వాత తెలిసింది. నీళ్లలో ముదురుగా కనిపిస్తే గడ్డి, లేతగా ఉంటే ఇసుక అంటారు సరే, పొద్దు వాలాక రెండూ ఒకేలా ఉంటే ఎలా పోల్చుకోవాలి? పడవ వెనక నుంచి ఒడ్డున రాతికి తాడు కడితే ఆగుతుందా, లేక గాలి పక్కనుంచి కొడితే ఇంకా ప్రమాదమా? ఇంకో 20 మీటర్ల గొలుసు వదిలితే చాలని మావారు. నాకైతే నమ్మకం లేదు. రెండు రాత్రులుగా వంతులేసుకుని నిద్రపోతున్నాం. ఎల్లుండి మ్ల్యెట్ దీవికి బయల్దేరాలి, ఈలోగా అనుభవం ఉన్నవాళ్లు ఎవరైనా చెప్పరూ?