బ్రేక్ పెడల్ కిందికి జారిపోతోంది – ప్యాడ్లేనా?

అమలాపురం నుంచి అడుగుతున్నా. పాత కారు, ముందు డిస్కులు, వెనక డ్రమ్ములు. బ్రేకు నొక్కిపెట్టి ఉంచితే పెడల్ మెల్లగా దిగిపోతోంది. రెండుసార్లు కొడితే పైకొస్తుంది. ఆయిల్ తగ్గలేదు. ప్యాడ్లు మార్చేయనా?

> ప్యాడ్ల జోలికి పోకండి. ఆయిల్ తగ్గకుండా జారుతోందంటే ముందు అనుమానం మాస్టర్ సిలిండర్ (పెడల్ నొక్కితే ఆయిల్‌ని బ్రేకుల వైపు నెట్టే భాగం) మీదే. లోపలి రబ్బరు సీళ్లు అరిగి, ఒత్తిడి వెనక్కి తప్పించుకుంటుంది. ఇంజిన్ ఆపి నాలుగైదుసార్లు తొక్కండి, బూస్టర్‌లో (కాలి బలాన్ని పెంచే భాగం) మిగిలిన వాక్యూమ్ పోతుంది. ఆపైన నిమిషంపాటు గట్టిగా నొక్కిపట్టండి. దిగుతూనే ఉంటే అదే. ఇంజిన్ స్టార్ట్ చేయగానే కాస్త దిగడం మాత్రం మామూలే, అది బూస్టర్ పని. తేలేదాకా బండి తియ్యొద్దు.

>> అన్నగారి మాట నిజమే, కానీ డ్రమ్ములూ విప్పండి. వీల్ సిలిండర్ (డ్రమ్ములో బ్రేక్ షూలని నెట్టేది) బూటు, అంటే రబ్బరు తొడుగు, అంచు ఎత్తితే తడి తగిలిందా, లీకు అక్కడే. కాలవగట్టు బురదకి అడ్జస్టరు (షూలకీ డ్రమ్ముకీ మధ్య సందు సరిచేసేది) తుప్పుపట్టినా పెడల్ లోతుకెళ్తుంది.

> కొత్త మాస్టర్ సిలిండర్ బండికి బిగించేముందే బల్లమీద పెట్టి దాన్లో గాలి తీయాలి, చాలామంది ఇది ఎగ్గొడతారు. తర్వాత ప్రతి చక్రం దగ్గరా: నొక్కు, గాలి తీసే నిపుల్ వదులు, బిగించు, అప్పుడే కాలు తియ్యి. బండిలోని బ్రేక్ ఆయిల్ ట్యాంకు మూత మీదున్న డాట్ నంబరు (ఆయిల్ రకం) ఆయిలే పొయ్యండి. ఎప్పుడో సీలు తీసిన డబ్బా వద్దండోయ్, మన చెమ్మకి నీరు పీల్చేస్తుంది.