సమస్యాపూరణం: “మునులు కట్టిరి మధుశాల ముచ్చటగను”

మిత్రులకు నమస్కారం. ఈ వారం సమస్య తేటగీతి పాదం:

మునులు కట్టిరి మధుశాల ముచ్చటగను

మునులెక్కడ, మధుశాల ఎక్కడ అని వెనుకాడవద్దు. ఇంగ్లండులోని సోమర్సెట్‌లో, బాత్ నగరానికి దక్షిణంగా నార్టన్ సెయింట్ ఫిలిప్ అనే పల్లె ఉంది. అక్కడి జార్జ్ ఇన్ అనే మధుశాలను కట్టించింది పక్కనే ఉన్న హింటన్ మఠంలోని కార్తూసియన్ శాఖ క్రైస్తవ మునులు. ఊరు మఠం ఏలుబడిలో ఉండేది. ఉన్ని, బట్టల సంతలకు దూరాల నుంచి వచ్చే వర్తకులకు బస కావాలి, సరుకు దాచుకోవడానికి చోటు కావాలి. అందుకని ఈ ఇల్లు వెలిసింది. 14, 15 శతాబ్దాల నాటి ఆ కట్టడంలో నేటికీ భోజనం పెడుతున్నారు, ఏల్ అనే బీరు పోస్తున్నారు. ఆ మునుల నియమాలు మాత్రం కఠినమైనవి: ఎవరి గది వారిది, మాట్లాడేది బహు తక్కువ, మాంసం ముట్టరు. సమస్యలోని విరోధమంతా అక్కడే ఉంది. దాన్ని విడదీసి చూపండి.

మొదటి పూరణ, హైదరాబాదు నుంచి:

ఉన్ని మూటల బేరమై యూరుఁ జేర
వచ్చు వర్తకజనులకు వసతిఁ గూర్చ
హింటను మఠాన మౌనమె యిష్టమైన
మునులు కట్టిరి మధుశాల ముచ్చటగను.

చక్కని పూరణ, అభినందనలు. మూడవ పాదం ఈ పద్యానికి ప్రాణం. మౌనం ఇష్టమైనవారు పదిమంది గొంతులు కలిసి మోగే ఇంటిని కట్టారనేసరికి సమస్యలోని విరోధం ఇంకో మెట్టు పైకెక్కింది. దానికి సమాధానం ముందే, మొదటి రెండు పాదాల్లో పెట్టుకున్నారు. కారణం ముందు చెప్పి ఆశ్చర్యాన్ని వెనుక నిలపడం మంచి ఎత్తు. “హింటను” అని పరభాషా నామాన్ని ఉకారాంతం చేయడం సబబేనా అని వరంగల్లు సభ్యులు అడిగారు. సబబే. ‘హిం’కు ‘యి’తో యతి కూడా చెల్లింది. లోటల్లా చివరి మాట దగ్గరే. “ముచ్చటగను” ఎందుకన్నారో పద్యం చెప్పదు. వసతి కూర్చడానికి కట్టారు, సరే. ముచ్చట ఎక్కడ?

రెండవ పూరణ, రాజమహేంద్రవరం నుంచి:

తేనెటీఁగలఁ బెంచెడి తీరుఁ దెలిసి
మైనమును దీసి కొవ్వొత్తి మలచుకొనుచు
మిగులు తేనెను దాఁచంగ మేలటంచు
మునులు కట్టిరి మధుశాల ముచ్చటగను.

ధార బాగుంది, యతులన్నీ కుదిరాయి. ప్రార్థనకు కొవ్వొత్తులు కావాలి కాబట్టి మఠాలు తేనెటీగలను పెంచేవి, అదీ నిజమే. అయినా మధుశాలను తేనె కొట్టుగా మార్చగానే సమస్య సమస్య కాకుండా పోయింది. వర్తకుడు లేడు, బాటసారి లేడు, పొయ్యి మీద కుండ లేదు. సమస్యను తప్పించుకోవడం కన్నా దానికి ఎదురెళ్లడం నాకు ఇష్టం. మీ చేతిలో పద్యం నడుస్తుంది కాబట్టి ఇంకొకటి పంపమని కోరుతున్నాను.

మూడవ పూరణ, బ్రిస్టల్ నుంచి. ఈ సోదరి అక్కడ భోంచేసి వచ్చి రాశారు:

పిండి మూఁతను గప్పిన వేడి వంట
రాగి వన్నెల బీరుతో రాత్రి గడుప
చలికి వడఁకుచు వచ్చిన వారికొఱకు
మునులు కట్టిరి మధుశాల ముచ్చటగను.

అమ్మా, మొదటి పాదం చదవగానే పళ్లెం కళ్ల ముందు నిలిచింది. “పిండి మూఁత” అన్నది చూసినవారికే తట్టే మాట. మాంసాన్ని ఏల్‌లో మెత్తగా ఉడికించి, గిన్నె మీద పిండి పరిచి కాలుస్తారు. మూత పొంగి గోధుమరంగు తేలుతుంది, చెంచాతో పొడిచిన చోట ఆవిరి లేస్తుంది. మాంసం తినని మీకు పుట్టగొడుగులతో చేసినది వడ్డించారని రాశారు. మాంసం ముట్టని మునుల ఇంట్లో కూర్చుని మీరు తిన్నది వారి నియమానికే దగ్గరగా ఉంది!

“రాగి వన్నెల” అన్న మాటకూ మెచ్చుకోలు. పీపాలోనే రెండవసారి పులిసే ఏల్ అది. నేలమాళిగలో 11 నుంచి 13 డిగ్రీల చలువలో ఉంచి, చేతి పంపు పిడిని లాగి పోస్తారు. పోయగానే గ్లాసంతా పాలలా కలత పడుతుంది. అడుగు నుంచి మెల్లగా తేరుకుంటూ వచ్చి, రంగు తేటపడి, పైన సన్నని నురుగు మిగులుతుంది. గ్లాసుకు ఒక పింటు, అంటే 568 మిల్లీలీటర్లు. మంచులా చల్లగా లేదని మన వాళ్లు కొందరు పెదవి విరుస్తారు. అంత చల్లదనంలో దాని రుచి తెలియదు.

ఇక దోషం. మూడవ పాదంలో గణాలు సరే, యతి తప్పింది. ‘చ’కు ‘వా’ చెల్లదు. “జనులకొఱకు” అంటే చ–జ మైత్రి కుదురుతుంది, అర్థమూ చెడదు:

చలికి వడఁకుచు వచ్చెడి జనులకొఱకు

బ్రిస్టల్ సభ్యురాలు: ధన్యవాదాలు గురువుగారూ, సవరణను స్వీకరిస్తున్నాను.

నెల్లూరు సభ్యులు: అందరూ మధుశాలను ఇంత కొనియాడుతుంటే మనసుకు కొంచెం ఇబ్బందిగా ఉంది. మునులకు ఆ పని తగునా?

మీ ఇబ్బంది నాకు అర్థమవుతోంది, అయితే ఆ కాలాన్ని ఆ కాలపు కళ్లతో చూడాలి. అప్పటి ఇంగ్లండులో ఏల్ రోజువారీ ఆహారంలో భాగం. బార్లీని మొలకెత్తించి, ఎండబెట్టి, పులియబెట్టి ఇంట్లోనే కాచుకొనేవారు. మఠాల్లో మునులకూ దినబత్తెంగా ఇచ్చేవారు. చేదుకూ నిలవకూ హాప్ పువ్వులు కలపడం 15వ శతాబ్దంలో సముద్రం అవతల నుంచి వచ్చి అలవాటైంది. అంతకు ముందరి ఏల్ ఎక్కువ రోజులు నిలిచేది కాదు, ఎక్కడిదక్కడే తాగాలి. కాబట్టి బస అంటే పడక, భోజనం, ఏల్, మూడూ కలిసే. మన పూటకూళ్ల ఇంటి తల్లి అన్నంతోపాటు మజ్జిగ పోసినట్టే ఇదీ. 1668 జూన్ 12న, దినచర్య రాతలకు పేరుపడ్డ ఆంగ్లేయుడు సామ్యుయెల్ పీప్స్ బాత్‌కు వెళ్తూ కుటుంబంతో ఈ ఊళ్లో ఆగి, బాగా భోంచేశామనీ పది షిల్లింగులు అయిందనీ దినచర్యలో రాసుకున్నాడు. ఆయన గుర్తుపెట్టుకున్నదీ భోజనాన్నే.

“ముచ్చటగను” అన్న మాటను ఇంతవరకు ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి నా పూరణ:

రాతిగోడల పైఁ గొయ్య రచన నిలిపి
యంతకంతకు ముందుకు నంతరువులు
వీధి వంకకు వంగుచు వేడ్క సేయ
మునులు కట్టిరి మధుశాల ముచ్చటగను.

జార్జ్ ఇన్ కింది భాగం రాతి కట్టడం. దాని మీద రెండు అంతస్తుల కొయ్య చట్రం, ఒక్కొక్క అంతస్తూ కింది దానికన్నా కొంచెం ముందుకు వస్తుంది. దారిన పోయేవారిని తొంగిచూస్తున్నట్టు ఉంటుంది.

హైదరాబాదు సభ్యులు: గురువుగారూ, ఇల్లు కనిపించింది గాని మీ పద్యంలో మనుషులు లేరు.

మనుషుల కోసమే నాలుగవ పూరణను చివరికి ఉంచాను. బాత్ నుంచి వచ్చింది:

మఠము శిథిలమై పోయెను, మనియె నేఁటి
కతిథి నర్చించు నిల్లది యచ్చెరువుగ
నెంత ముందుచూపో వారి కెంచి చూడ!
మునులు కట్టిరి మధుశాల ముచ్చటగను.

ఈ వారానికి ఇదే ఉత్తమ పూరణ. ఎనిమిదవ హెన్రీ మఠాలను మూయించినప్పుడు, 1539లో హింటన్ మఠం కూడా పోయింది. మునులు తమ కోసం కట్టుకున్నది శిథిలమైంది, దారిన పోయేవారి కోసం కట్టినది నిలిచింది. ఈ మాటను వివరించకుండా రెండు పాదాల్లో పక్కపక్కన పెట్టి ఊరుకున్నారు. చదివాక చాలాసేపు ఇంకో పూరణ జోలికి పోలేకపోయాను. “నేఁటికి, అతిథి” సంధి చేసి పాదం విరిచిన చోట యతి అకారానికి చెల్లింది. “ముందుచూపో” దగ్గర గణం మాట మధ్యలో విరుగుతుందని ఒక సభ్యులు అభ్యంతరం చెప్పారు. తేటగీతిలో అది దోషం కాదు. అక్కడ గొంతు కొంచెం ఆగడం ఆ ఆశ్చర్యానికి తగినట్టే ఉంది కూడా. “అతిథి నర్చించు” అన్నందుకు ప్రత్యేకంగా అభినందిస్తున్నాను. డబ్బు తీసుకొని వడ్డించే ఇంటికి ఆ మాట తగదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. చలిలో వచ్చినవాడికి పొయ్యి దగ్గర చోటు చూపించడం అర్చనే.

వచ్చే వారం కూడా ఈ ఇంట్లోనే ఉందాం. 1685 జూన్‌లో, రాజు మీద తిరగబడిన మన్మత్ డ్యూక్ తన దండుతో ఈ ఊళ్లో విడిశాడు. ఇన్‌లో కిటికీ దగ్గర నిలబడి ఉండగా అతడి మీద ఎవరో తుపాకి పేల్చారని, గురి తప్పిందని చెప్పుకుంటారు. జూలై 6న సెడ్జ్‌మూర్ యుద్ధంలో ఓడిపోయాడు, జూలై 15న లండన్‌లో అతడి తల తీశారు. సమస్య ఆటవెలది పాదం:

గడ్డముఁ గొఱుగంగఁ గాల్పులయ్యె

పూరణలు శుక్రవారం లోపు పంపండి.