బొంత కుట్టే ముందు గుడ్డ తడపాలా, వద్దా?

ముక్కలబొంత:
నేను గుడ్డ తడిపి, ఆరేసి, ఇస్త్రీ చేశాకే కత్తెర పెడతాను. పోయినసారి తొందరలో ఒక్క ఎర్ర గుడ్డ తడపకుండా కలిపేశాను. మొదటి ఉతుకులోనే అది ముడుచుకుని పక్క గళ్లను లాగేసింది. తెల్ల గళ్లు కాస్తా గులాబీ రంగుకు తిరిగాయి. రెండు నెలల పని! తడపకుండా కుట్టేవాళ్లకు అంత ధైర్యం ఎక్కడిదండీ?

సూదిబుట్ట:
అయ్యో! కానీ తప్పు తడపకపోవడంలో లేదండీ, అన్నీ తడిపి ఒకటి వదిలెయ్యడంలో ఉంది. నేను దేన్నీ తడపను. కొత్త గుడ్డ గంజితో బిర్రుగా ఉంటుంది, కోసిన కొలత కోసినట్టే నిలుస్తుంది. నూలు గుడ్డ మామూలుగా 3 నుంచి 5 శాతం కుంచించుకుపోతుంది, లోపల వేసే దూది పొర కూడా ఇంచుమించు అంతే. అన్నీ కలిసి ముడుచుకుంటే 60 అంగుళాల బొంత 57, 58కి వస్తుంది. ఒళ్లంతా సన్న ముడతలు పడి పాత బొంతలా మెత్తబడుతుంది. నాకు కావలసిందే అది.

ముక్కలబొంత:
మరి రంగు?

సూదిబుట్ట:
చిన్న ముక్క గోరువెచ్చని నీళ్లలో ముంచి తెల్లగుడ్డ మీద అద్ది చూస్తాను. అంటుకుందా, ఆ గుడ్డ బొంతలోకి రాదు.

ఐమూల:
ఇద్దరూ ఉతుకు దగ్గరే ఆగిపోయారు. నా బొంతలు ఉతక్కముందే వంకర పోయేవి! చదరం ముక్కను మూల నుంచి మూలకు కోస్తే ఆ పొడవాటి అంచు క్రాస్‌లో, అంటే పోగులకు ఏటవాలుగా, పడుతుంది. వేలితో లాగి చూడండి, రబ్బరులా సాగుతుంది. నిలువు పోగు దాదాపు సాగదు, అడ్డ పోగు కొంచెం సాగుతుంది. అందుకే కొయ్యక ముందే గంజి పెట్టి ఆరనిస్తాను. ఇస్త్రీపెట్టెను తోయను, పెట్టి తీస్తాను. రెండు ముక్కల్లో ఒకటి పిసరంత పొడుగైతే దాన్ని కింద పెడతాను, గుడ్డను కింద నుంచి జరిపే మిషన్ పళ్లు ఆ ఎక్కువను సర్దేస్తాయి.

బొంత చుట్టూ వేసే పట్టీ కూడా అంతే. అంచు వెంట కుట్టుకుంటూ పోయి చివర మిగిలింది కోసేస్తే అలల్లా లేస్తుంది. బొంత నడిమధ్య కొలిచి, పట్టీ అంతే కోసి, పిన్నులు గుచ్చి కుట్టాలి.

గుడ్డపెట్టె:
గంజి పెట్టి దాచిన గుడ్డను వెండిపురుగులు వదలవు. నేనైతే పెట్టను.

ఐమూల:
దాచిన గుడ్డకు పెట్టమని ఎవరన్నారండీ? కోసే రోజు పెట్టండి. బొంత పూర్తయ్యాక ఒక ఉతుకు వేస్తే గంజి పోతుంది.

ముక్కలబొంత:
సూదిబుట్ట గారూ, వెనకవైపు ఫ్లానెల్, అదే ఆ మెత్తటి నూగు గుడ్డ, వేస్తే కూడా తడపరా?

సూదిబుట్ట:
అక్కడ దొరికిపోయాను. ఫ్లానెల్ మామూలు నూలు కంటే ఎక్కువ ముడుచుకుంటుంది, దాన్ని తడుపుతాను. పైగుడ్డను మాత్రం తడపను.