అర్జెంట్: టాలీగంజ్‌లో గోల్ఫ్ ఆడాలి, హ్యాండిక్యాప్ దగ్గర ఫామ్ ఆగిపోయింది

హన్మకొండ వాసి:
సాయంత్రం ఆరింటి నుంచి ఈ ఫామ్‌తోనే కుస్తీ పడుతున్నాను, ఇప్పుడు పదకొండు దాటింది. వచ్చే ఆదివారం కలకత్తాలో, టాలీగంజ్‌లో గోల్ఫ్ ఆడాలి. మా బావ అంతా మాట్లాడి పెట్టాడు. ఫామ్‌లో అన్నీ నింపాను, హ్యాండిక్యాప్ అనే గడి దగ్గర ముందుకు పోవడం లేదు. ఖాళీగా వదిలితే ఎర్రగా చూపిస్తోంది, సున్నా వేస్తే సర్టిఫికెట్ జత చేయమంటోంది. 18 అని వేసేయనా? బావ నైట్ డ్యూటీలో ఉన్నాడు, ఫోన్ ఎత్తడం లేదు. రైలు టికెట్లు కూడా తీసేశాను. చాలా టెన్షన్‌గా ఉంది, తెలిసినవాళ్ళు చెప్పండి.

మడికొండ నుంచి:
ఆ వైకల్యం సర్టిఫికెట్‌కు ముందే దరఖాస్తు పెట్టుకోవాలన్నా. క్యాంపు రోజు ఆధార్ పట్టుకొని పోవాలి. ఆదివారం లోపల చేతికి రావడం మాత్రం కష్టం.

మాజీ క్యాడీ:
తమ్ముడూ, నేను గోల్ఫ్ ఆడేవాళ్ళ బ్యాగులు మోసే క్యాడీగా చేశాను. అది వైకల్యం సర్టిఫికెట్ కాదు, ఆయన్ను అటు పంపకు. గోల్ఫ్‌లో హ్యాండిక్యాప్ అంటే నీ ఆట స్థాయిని చెప్పే అంకె. బాగా ఆడేవాడికి తక్కువ, కొత్తవాడికి ఎక్కువ. ఇద్దరూ కలిసి ఆడినా పోటీ సమంగా ఉండాలని కొత్తవాడికి ఆ అంకె ఎంతో అన్ని షాట్లు లెక్కలోంచి వదిలేస్తారు. గరిష్ఠం 54. 2020 నుంచి ప్రపంచమంతా ఒకే లెక్క, చివరి 20 రౌండ్లలో (18 హోల్స్ ఆడితే ఒక రౌండ్) మంచివి 8 తీసి సగటు కడతారు. సున్నా అంటే మహా ఆటగాడని అర్థం, అందుకే రుజువు అడిగింది. 18 అని ఊహించి వేయకండి సార్. మొదటి హోల్‌లోనే, అంటే బంతిని మొదటి గుంతలో వేసేలోపే తెలిసిపోతుంది, మిమ్మల్ని తీసుకెళ్ళినవాళ్ళ మాట పోతుంది.

హన్మకొండ వాసి:
మరి సున్నా కాదు, 18 కాదు, ఏం వేయాలి?

కాజీపేట్ 3:
ఏ క్లబ్? టాలీగంజ్‌లో రెండున్నాయి.

హన్మకొండ వాసి:
పాతది అన్నా. పెద్ద చెట్లు, పార్కులా ఉంటుంది.

చరిత్ర ప్రియుడు:
రెండూ పాతవే, రెండింట్లోనూ చెట్లే. టాలీగంజ్ క్లబ్ 1895లో మొదలైంది. ఆ తోట బంగళాలో ఒకప్పుడు టిప్పు సుల్తాన్ వంశస్థులు ఉండేవారు. 1806లో వేలూరు కోటలో సిపాయిలు తిరగబడ్డాక టిప్పు కొడుకులను కుటుంబాలతో సహా కలకత్తాకు పంపేశారు. గోల్ఫ్ ఆడేవాళ్ళు ఆ గడ్డి మీద నడుస్తూ ఈ సంగతి తలుచుకోవాలని నా కోరిక. రెండోది రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్, 1829 నాటిది. బ్రిటిష్ దీవుల బయట అంతకంటే పాత గోల్ఫ్ క్లబ్ లేదు. మొదట డమ్‌డమ్‌లో ఆడేవారు, తర్వాత మైదాన్‌లో, ఆపైన టాలీగంజ్‌కు వచ్చారు. ‘రాయల్’ అనే పేరు 1911లో ఐదో జార్జ్ చక్రవర్తి వచ్చినప్పుడు దక్కింది.

హన్మకొండ వాసి:
రాయల్ ఉన్నదే.

కాజీపేట్ 3:
బావ మెంబరా?

పాఖాల రైతుబిడ్డ:
అక్కడ కోర్స్ (గోల్ఫ్ ఆడే మైదానం) మధ్యలో ఉండే నీళ్ళను ట్యాంకులు అంటారట. ట్యాంకు అంటే చెరువే కదా. గణపతిదేవుడి కాలంలో కట్టిన పాఖాల చెరువు ఈరోజుకీ పొలాలకు నీళ్ళిస్తోంది. బంతులు పడే గుంటను కూడా అదే మాటతో పిలిస్తే నాకు మనసొప్పదు.

చరిత్ర ప్రియుడు:
బెంగాల్‌లో తవ్విన కొలనును కూడా ఇంగ్లీషులో ట్యాంక్ అనే రాశారు. మన ట్యాంక్‌బండ్‌లోని ట్యాంకూ ఆ మాటే.

పాఖాల రైతుబిడ్డ:
కట్ట, తూము, ఆయకట్టు ఉంటేనే చెరువు. లేకపోతే కుంట అనండి, కోనేరు అనండి. మాట పోతే దాని వెనక ఉన్న పని కూడా మరిచిపోతాం.

మాజీ క్యాడీ:
ఆ వాదన తర్వాత. సార్, బంతి ఆ నీళ్ళలో పడితే ఒక షాట్ పెనాల్టీ వేసుకొని బయట చేత్తో బంతి కిందికి వదిలి (డ్రాప్ చేసి) ఆడాలి, దిగి వెతకొద్దు. ఎక్కడైనా సరే, బంతి కోసం 3 నిమిషాలే వెతకాలి. వెనక వచ్చేవాళ్ళను ఆపకూడదు. బ్యాగులో 14 క్లబ్బులకు (బంతిని కొట్టే కర్రలకు) మించి ఉండకూడదు. కాలర్ టీషర్ట్ వేసుకోండి, జీన్స్ వద్దు. బూట్లకు ఇనుప మేకులుంటే చాలా క్లబ్బుల్లో రానివ్వరు, మెత్తని స్పైక్స్ తీసుకోండి. అన్నింటికంటే ముఖ్యం, గ్రీన్ (హోల్ చుట్టూ ఉండే నున్నటి గడ్డి) మీద మీ బంతి చేసిన గుంటను మీరే సరిచేయాలి, బంకర్‌లో, అంటే ఇసుక గుంటలో, మీ అడుగుల గుర్తులను రేక్‌తో చదును చేయాలి. ఎండలో ఆ గడ్డిని పెంచే మాలీల కష్టం నేను దగ్గరుండి చూశాను. మన దేశంలో చాలా కోర్సుల్లో ఉండే బెర్ముడా గడ్డి వేరేదేం కాదు, వినాయకుడికి పెట్టే గరికే. ఇంతకీ మీరు ఇప్పటివరకు ఎన్ని రౌండ్లు ఆడారు?

హన్మకొండ వాసి:
హైదరాబాద్‌లో స్నేహితుడితో గోల్కొండ కోట దగ్గరి కోర్స్‌లో రెండుసార్లు, 9 హోల్స్ చొప్పున. మిగతాదంతా డ్రైవింగ్ రేంజ్‌లో, అంటే బంతులు కొట్టి సాధన చేసే చోట. ఇక్కడ పొద్దున్నే ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో కూడా కొడుతున్నాను.

సుబేదారి అక్క:
తమ్ముడూ, ఆ గ్రౌండ్‌లో మేము రోజూ నడుస్తాం, పిల్లలు పరుగెత్తుతారు. అంత గట్టి బంతి తలకు తగిలితే ఎవరిది బాధ్యత? దయచేసి అక్కడ కొట్టొద్దు.

హన్మకొండ వాసి:
నెట్ కట్టుకొనే కొడుతున్నానక్కా. అయినా మానేస్తాను.

మాజీ క్యాడీ:
అయితే మీకు ఇంకా హ్యాండిక్యాప్ లేదు. అది రావాలంటే మొత్తం 54 హోల్స్ స్కోరు కార్డులు ఇవ్వాలి, అంటే మూడు పూర్తి రౌండ్లు. మీవి 18 హోల్సే అయ్యాయి. దాచకుండా ‘లేదు’ అని చెప్పడమే మంచిది.

కాజీపేట్ 3:
బావ మెంబరా అని అడిగాను.

హన్మకొండ వాసి:
కాదు. బావ వాళ్ళ ఆఫీసు పెద్దసారు మెంబర్. నలుగురిలో ఒకరు తగ్గారని నన్ను రమ్మన్నారు.

కాజీపేట్ 3:
ఇది మొదటే చెప్పాల్సింది. ఆయన్నే అడగండి. ఆ ఫామ్ మీది కాకపోవచ్చు.

మాజీ క్యాడీ:
నిజమే. ఇలాంటి క్లబ్బుల్లో అతిథి మెంబర్ వెంటే వెళ్ళాలి. పేరు ఆయనే రాయిస్తారు, బిల్లు మీద సంతకం కూడా మామూలుగా ఆయనదే. మీకు ఆ ఫామ్ ఎవరు పంపారు?

పాఖాల రైతుబిడ్డ:
కుంటకూ చెరువుకూ తేడా మీద ఇంకా ఎవరూ జవాబివ్వలేదు.

హన్మకొండ వాసి:
బావ ఇప్పుడే మెసేజ్ పెట్టాడు. పొద్దున పెద్దసారుతో మాట్లాడిస్తాడట. థాంక్స్ క్యాడీ అన్నా, స్పైక్స్ కొనడానికి రేపు హైదరాబాద్ పోతున్నా.