రైస్ మిల్లు కంప్యూటరులో నెట్‌వర్క్ కార్డుకు ఐఆర్‌క్యూ 5 మేలా, 10 మేలా?

పాలకొల్లు సభ్యుడు: మా మిల్లు ఆఫీసులో కాటా లెక్కలు చూసే 486 రకం పాత కంప్యూటరు ఇప్పటికీ డాస్ మీదే నడుస్తోంది. మౌస్ కామ్1 సీరియల్ పోర్టుకు, లారీ కాటా మీటరు కామ్2 సీరియల్ పోర్టుకు తగిలించి ఉన్నాయి. ఎన్ఈ2000 రకం నెట్‌వర్క్ కార్డు పెట్టి, పక్క గదిలో నెట్‌వేర్ అనే నెట్‌వర్క్ సాఫ్ట్‌వేర్ నడిచే సర్వరుకు కోయాక్సియల్ కేబులుతో కలిపాను. కార్డు జంపర్లు (అమరికను మార్చే చిన్న తొడుగులు) ఐఆర్‌క్యూ 3 (పరికరం ప్రాసెసరును పిలిచే ఇంటరప్టు లైను సంఖ్య), పోర్టు 300 హెక్స్ (కార్డు చిరునామా) వద్ద ఉన్నాయి. లాగిన్ బాగానే అవుతోంది గాని, ధాన్యం లారీ కాటా ఎక్కి అంకెలు రావడం మొదలుకాగానే సర్వరుతో సంబంధం తెగిపోతోంది. కామ్2ది కూడా ఐఆర్‌క్యూ 3 కాబట్టి కార్డును మార్చక తప్పదు. 5, 10 రెండూ ఖాళీగా ఉన్నాయి. దేనికి మార్చమంటారు?

అమలాపురం సభ్యుడు: సందేహం లేకుండా 10కే మార్చండి. 1981 నాటి ఐబీఎం పీసీలో ఇంటరప్టులను చూసుకునే 8259ఏ చిప్పు ఒక్కటే, ఎనిమిదే లైన్లు ఉండేవి. 1984లో ఐబీఎం ఏటీ మోడలు వచ్చినప్పుడు రెండో చిప్పును ఐఆర్‌క్యూ 2 ద్వారా జోడించి 8 నుంచి 15 వరకు లైన్లు చేర్చారు. వాటిలో 10ని ఏ పరికరానికీ కేటాయించలేదు. 5 అలా కాదు. ఏటీకి ముందటి ఎక్స్‌టీ మోడలులో హార్డ్ డిస్కుది, ఏటీలో రెండో ప్రింటరు పోర్టుది, ఆ తరువాత సౌండ్ కార్డులు దానిమీదే వచ్చి కూర్చున్నాయి. ఈ కార్డులు కూర్చునే ఐసా బస్సులో ఒక లైనును ఇద్దరు పంచుకోలేరని మీకు ఇప్పటికే తెలిసివచ్చింది.

తణుకు సభ్యుడు: మిల్లు ఆఫీసులో సౌండ్ కార్డుతో పనేముంది? ఇక్కడ చూడవలసింది ఖాళీ ఒక్కటే కాదు, ప్రాధాన్యక్రమం కూడా: ఒక చిప్పులో చిన్న సంఖ్య లైనుకే ముందు చోటు. రెండో చిప్పు ఐఆర్‌క్యూ 2 గుండా వస్తుంది గనుక 8 నుంచి 15 వరకు ఉన్నవన్నీ 3 కంటే ముందు వరుసలో నిలుస్తాయి. అంటే 10లో పెట్టిన కార్డు కాటా మీటరును వెనక్కి నెడుతుంది, 5లో పెడితే మీటరుకే ముందు చోటు దక్కుతుంది. సీరియల్ చిప్పు పాత 8250 గాని 16450 గాని అయితే, వచ్చిన అక్షరం ఒక్కటే దానిలో నిలుస్తుంది. సెకనుకు 9600 బిట్ల వేగంలో దాదాపు మిల్లీసెకనులో తరువాతి అక్షరం వచ్చి దానిమీద పడుతుంది. 1500 బైట్ల పాకెట్టును ఎన్ఈ2000 నుంచి రెండేసి బైట్లుగా లాగాలంటే ప్రాసెసరు 750 సార్లు చదవాలి. ఆ లోపల తూకంలో ఒక అంకె ఎగిరిపోతే రైతుకు ఏమని సమాధానం చెబుతారు?

అమలాపురం సభ్యుడు: ప్రాధాన్యక్రమం నిజమే, కానీ మీరు అనుకున్నంత మేలు దానివల్ల జరగదు. ఇంటరప్టు అందుకోగానే ప్రాసెసరు మిగతా ఇంటరప్టులను ఆపివేస్తుంది. కార్డును నడిపే ప్రోగ్రాము, అంటే డ్రైవరు, తనంతట తాను వాటిని మళ్లీ అనుమతిస్తే తప్ప, కార్డు 5లో ఉన్నా 10లో ఉన్నా మీటరు వేచి ఉండవలసిందే. ఆ భయం నిజంగా ఉంటే, పదహారు బైట్లు దాచుకోగల 16550ఏ చిప్పున్న సీరియల్ కార్డు వేయించడం అసలైన మందు.

కాకినాడ సభ్యుడు: ఇద్దరి వాదనా బాగుంది గాని, ముందుగా కాటా ప్రోగ్రాము ఇంటరప్టు వాడుతోందో లేదో తేల్చుకోవాలి. సీరియల్ చిప్పులో అవుట్2 అనే బిట్టును ప్రోగ్రాము పెడితేనే దాని సంకేతం ఐఆర్‌క్యూ 3 లైను దాకా చేరుతుంది. పోర్టును పదేపదే తొంగిచూసే ప్రోగ్రాము అయితే ఆ బిట్టుతో పనే ఉండదు, కార్డు 3లోనే ఉన్నా గొడవ రాదు. మీకు తూకం మొదలైనప్పుడే తెగిపోతోందంటే ప్రోగ్రాము ఆ బిట్టును పెడుతోందనే అనుకోవాలి. అక్కడి నుంచి ఒకే తీగను ఒక కార్డు కిందికి, మరొకటి పైకి లాగుతుంటాయి. మరొక మాట: ఐఆర్‌క్యూ 10 స్లాటుకు అదనంగా ఉన్న చిన్న భాగం నుంచే వస్తుంది. ఎనిమిది బిట్ల కార్డుకు అది అందదు. కొన్ని పాత ఎన్ఈ2000 కార్డుల మీద 2, 3, 4, 5 జంపర్లు తప్ప వేరేవి ఉండవు కూడా.

పాలకొల్లు సభ్యుడు: నా కార్డు పదహారు బిట్లదే, 10 జంపరూ ఉంది. తణుకు వారి మాట మీద ముందు 5 పెట్టాను. జంపరు మార్చాక కూడా కార్డు పలకకపోతే కంగారుపడ్డాను, నెట్‌వర్క్ అమరికలుండే నెట్.సీఎఫ్‌జీ ఫైలులో ఇంట్ 3 అని రాసి ఉన్నది అలాగే ఉంది. దాన్ని 5 చేశాక, సర్వరు నుంచి పెద్ద ఫైలు కాపీ అవుతుండగా లారీని కాటా ఎక్కించాను. తూకం సరిగానే వచ్చింది, కాపీ ఆగలేదు.

అమలాపురం సభ్యుడు: సంతోషం. అయినా ఖాళీ లారీతో ఒకసారి, నిండు లారీతో ఒకసారి 10లో కూడా పరీక్షించి చూడండి. ఒక్క తూకంతో 5 మేలని ఒప్పుకోవడానికి నేను సిద్ధంగా లేను.