ట్రైలర్‌ని రాత్రంతా ప్లగ్‌లో ఉంచినా బ్యాటరీకి చార్జ్ ఎక్కడం లేదు, ఎక్కడ చూడాలి?

ఫ్రిస్కో క్యాంపర్:
అందరికీ నమస్తే. మేముండేది డల్లాస్ దగ్గర. పోయినేడాది సెకండ్ హ్యాండ్‌లో 17 అడుగుల చిన్న ట్రావెల్ ట్రైలర్ కొన్నాం. దాంతో వచ్చిన బ్యాటరీ ముసలిదైపోతే ఇక్కడే ఒక షాపులో కొత్తది వేయించాం. మామూలు లెడ్ యాసిడ్ డీప్ సైకిల్ (నిదానంగా ఎక్కువసేపు కరెంటు ఇచ్చే రకం), గ్రూప్ 24 సైజు. సమస్య అప్పటి నుంచే మొదలైంది. ఇంటి దగ్గర కరెంటు ప్లగ్‌కి తగిలిస్తే లోపల లైట్లు, ఫ్యాన్, వాటర్ పంప్ అన్నీ బ్రహ్మాండంగా పనిచేస్తాయి, ప్లగ్ పీకగానే టక్కున అన్నీ ఆగిపోతాయి. కానీ ట్రైలర్ ముందుభాగాన్ని పైకెత్తే ఎలక్ట్రిక్ జాక్ మాత్రం ప్లగ్ లేకపోయినా లేస్తుంది, కాకపోతే ఈమధ్య మూలుగుతూ లేస్తోంది. రాత్రంతా ప్లగ్‌లో ఉంచి పొద్దున్నే బ్యాటరీ మీద మల్టీమీటర్ పెడితే 12.1 వోల్టులు చూపిస్తోంది. కారుకి తగిలించి గంటల తరబడి తోలినా అదే తీరు.

షాపువాళ్లని అడిగితే కన్వర్టర్ పోయుంటుంది, మొత్తం మార్చేయాలి అన్నారు. మార్చిలో స్ప్రింగ్ బ్రేక్‌కి పిల్లలతో బిగ్ బెండ్ నేషనల్ పార్క్ వెళ్తున్నాం, కాటన్‌వుడ్ క్యాంప్‌గ్రౌండ్‌లో ఉంటాం. అక్కడ కరెంటు లేదు, జనరేటర్ కూడా వేయనివ్వరు. హీటర్ ప్రొపేన్‌దే అయినా దాని ఫ్యాన్ తిరగాలంటే బ్యాటరీ కావాలి కదా. ఆ ఎడారిలో రాత్రి చలికి పిల్లలు వణుకుతారేమోనని టెన్షన్‌గా ఉంది. డబ్బులు పెట్టేముందు ఏం చూసుకోవాలో కాస్త చెప్పండి.

పాత ఎలక్ట్రీషియన్:
కన్వర్టర్ ఇప్పుడే కొనకండి. ప్లగ్‌లో ఉన్నప్పుడు లైట్లు వెలుగుతున్నాయంటే కన్వర్టర్ 120 వోల్టులని 12 వోల్టుల డీసీగా మార్చి ఇస్తున్నట్టే, అది బతికే ఉంది. ప్లగ్ తీయగానే లోపల అంతా చచ్చిపోతోందంటే బ్యాటరీకీ లోపలి ఫ్యూజుల ప్యానెల్‌కీ మధ్య దారి ఎక్కడో తెగింది. జాక్ ఎందుకు పనిచేస్తోందంటే దానికి వైరు చాలావరకు బ్యాటరీ మీద నుంచి నేరుగా వస్తుంది, లోపలి ప్యానెల్‌తో దానికి పనిలేదు. ఎక్కించేవాడు లేక, వాడుకునేది జాక్ ఒక్కటే అయ్యి బ్యాటరీ మెల్లగా దిగిపోతోంది.

మీటరుతో మూడు చోట్ల చూడండి. ప్లగ్ పెట్టి ఉంచే ముందుగా బ్యాటరీ టెర్మినల్స్ మీద కొలవండి. చార్జ్ అందుతుంటే కనీసం 13.2 నుంచి 14.4 మధ్య ఏదో ఒకటి కనబడాలి, 12.1 కనబడితే ఏమీ రావడం లేదన్నమాట. తర్వాత బ్యాటరీ దగ్గర ఇనప ఫ్రేము మీద బొటనవేలంత చిన్న డబ్బా, రెండు స్టడ్‌లతో (వైర్లు బిగించే బోల్టులు) ఉంటుంది, అది సర్క్యూట్ బ్రేకర్. దాని రెండు స్టడ్‌ల మీదా విడివిడిగా కొలవండి. చివరగా లోపల కన్వర్టర్ మూత తీసి, బ్యాటరీ నుంచి వచ్చే లావుపాటి వైరు బిగించిన చోట ఒకసారి, లైట్ల ఫ్యూజు మీద ఒకసారి. చేతికి ఉంగరం, కడియం ఉంటే తీసేసి చేయండి, 12 వోల్టులే కదా అనుకోకండి, బ్యాటరీ షార్ట్ అయితే లోహం ఎర్రగా కాలుతుంది. కన్వర్టర్ డబ్బాలో ఒక పక్క 120 వోల్టుల బ్రేకర్లు కూడా ఉంటాయి, అటువైపు చేయి పెట్టొద్దు.

ఆస్టిన్ నుంచి:
వీటికంటే ముందు డిస్‌కనెక్ట్ స్విచ్ చూడండి బ్రో. చాలా ట్రైలర్లలో స్టోరేజ్ అని ఒక స్విచ్ ఉంటుంది, అది ఆఫ్‌లో ఉంటే ఎన్ని రోజులు ప్లగ్‌లో ఉంచినా బ్యాటరీకి చుక్క కూడా ఎక్కదు. నా సలహా అడిగితే ఈ లెడ్ యాసిడ్ గోలంతా వదిలేసి లిథియం వేసేయండి, బరువు సగం, చివరిదాకా వాడుకోవచ్చు.

పాత ఎలక్ట్రీషియన్:
స్విచ్ మాట నిజమే, అది చూడాల్సిందే. లిథియం మాత్రం ఇప్పుడు వద్దు. దారి తెగి ఉన్నప్పుడు ఏ బ్యాటరీ పెట్టినా ఎక్కదు. పైగా పాత కన్వర్టర్ లెడ్ యాసిడ్‌కి సెట్ చేసినది, లిథియంకి 14.2 నుంచి 14.6 దాకా కావాలి, సున్నా డిగ్రీల సెల్సియస్ కంటే చలిలో దాన్ని చార్జ్ చేయకూడదు కూడా. అదంతా తర్వాత ఆలోచించవచ్చు.

ఫ్రిస్కో క్యాంపర్:
డిస్‌కనెక్ట్ స్విచ్ ఆన్‌లోనే ఉంది. ప్లగ్ పెట్టి కొలిచాను. బ్యాటరీ మీద 12.1. ఫ్రేము మీది బ్రేకర్ స్టడ్‌లు తుప్పు పట్టి ఉన్నాయి గానీ రెండింటి మీదా 12.1. లోపల లావు వైరు బిగించిన చోట కూడా 12.1. లైట్ల ఫ్యూజు మీద మాత్రం 13.6 వస్తోంది. ఇంకో సంగతి, బ్యాటరీకి వచ్చే వైర్లలో ఒకటి నలుపు, ఒకటి తెలుపు, ఎర్రది లేదు. అది మామూలేనా?

పాత ఎలక్ట్రీషియన్:
మామూలే, అసలు సంగతి కూడా అక్కడే ఉందని నా అనుమానం. ఇక్కడి ట్రైలర్ల 12 వోల్టుల వైరింగ్‌లో నలుపు ప్లస్, తెలుపు మైనస్. కార్లలో నలుపు అంటే మైనస్. కారు బ్యాటరీలు మార్చే అలవాటున్నవాళ్లు నల్ల వైరు చూడగానే మైనస్‌కి తగిలించేస్తారు, నిప్పురవ్వలు రాగానే తీసి సరిగ్గా పెడతారు. ఆ ఒక్క క్షణం చాలు. కన్వర్టర్‌ని కాపాడటానికి దాని బోర్డు మీద రివర్స్ పోలారిటీ ఫ్యూజులని రెండు ఉంటాయి, అవి ఎగిరిపోతాయి. షాపులో అదే జరిగి ఉంటుంది.

మీ కొలతలు చూడండి. బ్యాటరీ నుంచి కన్వర్టర్ గుమ్మం దాకా, అంటే లావు వైరు బిగించిన చోటు దాకా, అంతటా 12.1, అంటే వైరు, స్విచ్, బ్రేకర్ బాగానే ఉన్నాయి. గుమ్మం లోపల 13.6. మధ్యలో ఉన్నది ఆ రెండు ఫ్యూజులే. మిగతా ఫ్యూజులకి కాస్త ఎడంగా పక్కపక్కనే ఉంటాయి, మామూలుగా 30 లేదా 40 ఆంప్‌వి. ప్లగ్ తీసి, బ్యాటరీ మైనస్ ఊడదీసి, రెండూ బయటికి లాగి మీటరుతో కంటిన్యుటీ (లోపలి తీగ తెగకుండా ఉందో లేదో) చూడండి. కంటితో చూసి బాగుందనుకోవద్దు, లోపలి తీగ సన్నగా చిట్లితే కనబడదు. బోర్డు మీద ఎన్ని ఆంప్‌లని రాసి ఉంటే అన్ని ఆంప్‌లవే వేయండి, పెద్దది వేస్తే ఈసారి కాలేది బోర్డు. ఎలాగూ పనిలో దిగారు కాబట్టి తుప్పు పట్టిన స్టడ్‌లు, ఫ్రేముకి బిగించిన తెల్ల వైరు కొస కూడా వైరు బ్రష్‌తో గీకి గట్టిగా బిగించండి.

ఫ్రిస్కో క్యాంపర్:
అన్నా, అవే! రెండూ పోయాయి. ఒకటి చూడ్డానికి కొత్తదానిలా ఉంది, మీటరు పెడితేనే తెలిసింది. ఆటో పార్ట్స్ షాపులో కొద్ది డాలర్లకే 40 ఆంప్‌వి దొరికాయి. వేసి ప్లగ్ పెట్టగానే బ్యాటరీ మీద 13.6 వచ్చింది, ప్లగ్ పీకినా లైట్లు వెలుగుతున్నాయి. ఎలా థాంక్స్ చెప్పాలో తెలియడం లేదు. మరి కారు తోలేటప్పుడు కూడా ఎక్కేది కాదు కదా, అది కూడా దీనివల్లేనా?

పాత ఎలక్ట్రీషియన్:
సంతోషం. ముందు ఒక మాట, ఒక్క రాత్రికి నిండదు, 13.6 దగ్గర కన్వర్టర్ నిదానంగా ఎక్కిస్తుంది. ఒకట్రెండు రోజులు వదిలేసి, ప్లగ్ తీసి కొన్ని గంటల తర్వాత కొలవండి. 12.6 పైన నిలబడితే బ్యాటరీకి దెబ్బ తగల్లేదు. సెల్స్ మూతలు ఉన్నదైతే, మన ఊళ్లో ఇన్వర్టర్ బ్యాటరీకి పోసినట్టే, చార్జ్ అయ్యాక డిస్టిల్డ్ వాటర్ పోయండి. కుళాయి నీళ్లు వద్దు.

కారు సంగతి చాలావరకు వేరే. కొన్ని బండ్లకి ట్రైలర్ వైరు గుచ్చే 7 పిన్ సాకెట్ కంపెనీ నుంచే వచ్చినా చార్జింగ్ లైనుకి ఫ్యూజో రిలేనో పెట్టకుండా ఇస్తారు. ఇంజిన్ ఆన్ చేసి సాకెట్‌లో చూడండి, మూత ఉండే పైవైపుని 12 గంటలనుకుంటే 1 గంట దగ్గరి పిన్ చార్జింగ్, 7 దగ్గరిది గ్రౌండ్. అక్కడ వోల్టేజ్ లేకపోతే కారు మాన్యువల్‌లో ఫ్యూజు బాక్స్ పేజీ చూడండి, ఖాళీ స్లాట్ ఉండవచ్చు.

హ్యూస్టన్ కుటుంబం:
ఫ్యూజు పెట్టినా దారిలో ఎక్కేదాని మీద మరీ ఆశ పెట్టుకోవద్దండి. ఆల్టర్నేటర్ నుంచి ట్రైలర్ బ్యాటరీ దాకా 30 అడుగులు ఉంటుంది. 12 గేజ్ వైరులో 10 ఆంప్‌లు పోతే వెళ్లే దారిలో అర వోల్టు, తిరిగొచ్చే దారిలో ఇంకో అర వోల్టు పడిపోతుంది. ముందు 14 ఉన్నది వెనక 13 అవుతుంది, బ్యాటరీ కాస్త నిండగానే కరెంటు బాగా తగ్గిపోతుంది. పడిపోయిన వోల్టేజ్‌ని మళ్లీ పెంచి ఇచ్చే డీసీ టు డీసీ చార్జర్ పెడితే బాగుపడుతుంది గానీ దానికి లావు వైరు వేరే లాగాలి.

మీ ట్రిప్‌కి లెక్క ఇలా వేసుకోండి. గ్రూప్ 24 అంటే 80 ఆంప్ అవర్ల లోపే, లెడ్ యాసిడ్‌లో సగమే వాడుకోవాలి, అంటే మీకు 40. హీటర్ ఫ్యాన్ 3, 4 ఆంప్‌లు లాగుతుంది. రాత్రి పది గంటల్లో సగంసేపు తిరిగినా 15 నుంచి 20 పోతాయి. గ్యాస్ డిటెక్టర్, ఫ్రిజ్ బోర్డు రోజంతా కొద్దికొద్దిగా తింటూనే ఉంటాయి. రెండు రాత్రులు దాటవు. 100 వాట్ల మడత సోలార్ ప్యానెల్ ఒకటి, బ్యాటరీకి మరీ ఎక్కువ ఎక్కకుండా చూసే కంట్రోలర్‌తో తీసుకెళ్లండి. బిగ్ బెండ్ ఎండకి రోజుకి 25, 30 ఆంప్ అవర్లు వస్తాయి, హీటర్‌ని 60 ఫారెన్‌హీట్ దగ్గర పెట్టుకుంటే సరిపోతుంది. ట్రైలర్ పక్కనున్న సోలార్ సాకెట్‌లో గుచ్చేముందు ప్లస్ మైనస్ మీటరుతో చూసుకోండి, కొన్ని ట్రైలర్లలో అది వేరే కంపెనీల సోలార్ ప్యానెళ్లకి తలకిందులుగా ఉంటుంది. అనుమానంగా ఉంటే కంట్రోలర్ క్లిప్పులు నేరుగా బ్యాటరీ టెర్మినల్స్‌కే పెట్టేయండి.